మొత్తం ఎంతమంది

మహాకం నది ఎగువ, కాలిమంతాన్
9 మార్చి 1997

సాంపె అన్నయ్యకి,

నీ ఉత్తరం, దాంతోపాటు మా తాండి వాళ్ళ మాస్టారు రాసిన చీటీ నిన్నటి పడవలో వచ్చాయి. మాస్టారిది పేజీన్నర, నీది నాలుగు వాక్యాలు. కాఫీ కోతల్లో ఉన్నావని సరిపెట్టుకున్నాను. కానీ తొమ్మిదేళ్ళ కొడుకుని నీ చేతుల్లో పెట్టి సముద్రానికి ఇవతల కూర్చున్నదాన్ని. ఇంకో నాలుగు ముక్కలు రాస్తే నీ కలం అరిగిపోదు.

మాస్టారి చీటీ చదివాక నాకు తల కొట్టేసినట్టయింది. మూడో తరగతిలో ఉండి కూడికలు రావట్లేదట! వాళ్ళమ్మేమో ఇక్కడ మూడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి పొద్దస్తమానం అవే కూడికలు చెబుతోంది. ఆయన పంపిన లెక్క ఇది: "ఒక ఊరి ఎగువ పేటలో 1,486 మంది, దిగువ పేటలో 2,375 మంది ఉన్నారు. మొత్తం ఎంతమంది?" మనవాడి జవాబు 3,862.

నాకు తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలిసిపోయింది. ఆరూ ఐదూ పదకొండు. ఒకట్ల స్థానంలో ఒకటి వేసి, ఒకటి చేతిలో ఉంచుకోవాలి. వీడు చేతిలో ఉంచుకోవాల్సిన దాన్ని అక్కడే కలిపేసి రెండు వేశాడు, మళ్ళీ పదుల్లోనూ కలిపాడు. కొత్తగా నేర్చుకునే పిల్లలందరూ చేసే పొరపాటే. అంకెల్ని ఒకదాని కింద ఒకటి తిన్నగా రాసి, చేతిలో ఉన్నదాన్ని పై వరసలో చిన్నగా వేసుకోమను. కథ లెక్క కాబట్టి, ముందు ఏం ఇచ్చారో, ఏం అడిగారో రెండు వాక్యాలు రాసుకోమను. నువ్వు పక్కన కూర్చుని చేయించు. గేదెలకి పెట్టే శ్రద్ధలో సగం చాలు.

జూన్ సెలవుల్లో వస్తాను. అందాకా కార్యం ఆపండి. నాన్నని చూసి నాలుగేళ్ళయింది. ఆయన పక్కన కూర్చుని చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. అవి చెప్పకుండా కార్యం జరిగిపోతే నాకు బతికున్నన్నాళ్ళూ మనసు కుదుటపడదు. వదినని ఆయనకి నా తరఫున ఇంకో కప్పు కాఫీ పెట్టమను.

నీ చెల్లెలు
లుదియా

•

రాంతెపావో దగ్గర, తోరాజా కొండలు
14 ఏప్రిల్ 1997

పంతులమ్మ గారికి,

కలం అరగదీసుకుంటూ మీ అన్న రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ వదిన కాఫీ ఇంకో కప్పు పెట్టింది. నాన్న తాగకపోతే నేనే తాగాను, వృథా పోనివ్వలేదు.

నువ్వు చెప్పిన జబ్బు నీ కొడుక్కి లేదు. అదే కాగితం మీద ఇంకో లెక్క ఉంది: ఒక తోటలో 2,648 కిలోల కాఫీ, ఇంకో తోటలో 1,795 కిలోలు, మొత్తం ఎంత? వాడు 4,443 అని తడుముకోకుండా వేశాడు. అందులో ఎన్నిచోట్ల చేతిలో ఒకటి ఉంచుకోవాలో నువ్వే చూసుకో. నేనైతే చేతివేళ్ళు చాలక కాలివేళ్ళు కూడా వాడేవాణ్ణి. కాఫీ అయినా, గేదెలైనా, ఇటుకలైనా వాడు తప్పు చెయ్యడు. మనుషుల్ని కూడమంటేనే ఒకటి ఎక్కువ వస్తుంది.

ఎందుకో అడిగాను. "ఈ ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?"

"తాత, మామయ్యా."

"లెక్కలో తాత లేడు కదరా."

"అదే కదా! ఆమధ్య జనాన్ని రాసుకోడానికొచ్చినాయన గుమ్మం దగ్గరే నిలబడి రాసుకెళ్ళిపోయాడు. లోపల గదిలో ఎవరైనా ఉన్నారా అని అడగనే లేదు. ఆయన అడగకపోతే తాత లేనట్టా? అన్ని ఊళ్ళలోనూ అలాగే ఒకళ్ళని మర్చిపోతారు."

నువ్వైతే ఏం చెప్పేదానివి?

హమ్జా మాస్టారు మంచివాడే. సముద్రపు ఒడ్డు ఊరి మనిషి, మన పద్ధతులు తెలియవు. ఇంటికి తీసుకొచ్చి కాఫీ ఇచ్చి విడమరిచి చెప్పాను. నవంబరులో నాన్న గుండె ఆగింది, వైద్యుడు వచ్చి శరీరం చెడకుండా సూదిమందు వేసి వెళ్ళాడు, అయినా కార్యం మొదలుపెట్టి ఆయన తల దిశ మార్చి పడుకోబెట్టేదాకా ఈ ఇంట్లో ఆయన ఒంట్లో బాగాలేని మనిషే అన్నాను. వేళకి భోజనం పెడతాం, బయటికి వెళ్తే చెప్పి వెళ్తాం, ఆ ఇంకో మాట మాత్రం ఎవరం అనం అన్నాను. మాస్టారు పాపం నాన్న ఉన్న దక్షిణపు గది గుమ్మంలో నిలబడి "నమస్కారమండీ" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "కానీ సాంపె గారూ, పరీక్ష పేపరు దిద్దేది నేనొక్కణ్ణే కాదు" అన్నాడు.

తాండి రోజూ బడి నుంచి వచ్చి నాన్న పక్కన చాప వేసుకుని లెక్కలు పైకి చదువుతాడు. అక్షరాలూ అంకెలూ వాడికి నేర్పింది ఆయనే కదా. నీ ఉత్తరాలు కూడా వాడే చదివి వినిపిస్తాడు. ఇంట్లో అంత గడగడా చదివేవాళ్ళు ఇంకెవరూ లేరు. కాబట్టి నన్ను తిట్టేటప్పుడు కాస్త చూసి తిట్టు, నాన్న వింటారు.

జూన్‌కి ఎదురుచూస్తూ,
సాంపె

•

మహాకం ఎగువ
25 మే 1997

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు పడీపడీ నవ్వాను. పక్కింటి దయక్ తెగ ఇల్లాలు ఏమైందని అడిగితే ఆవిడకీ చెప్పాను. తర్వాత రాత్రి వంట చేసుకుంటుంటే ఎందుకో ఏడుపొచ్చింది. నాన్న నన్ను కూడా అలాగే చాప మీద కూర్చోబెట్టి, చింతగింజల్లాంటి ఏవో గింజలు పోసి లెక్కలు చెప్పేవారు. తప్పు చేస్తే కోప్పడేవారు కాదు. "మళ్ళీ కూడమ్మా, ఎవరో తప్పిపోయారు" అనేవారు.

కానీ జూన్‌లో పరీక్ష. ఈ ముక్క తాండికి నేను రాసినట్టే చదివించు: బంగారూ, లెక్కలో ఎవరిని రాశారో వాళ్ళనే కూడాలి. లెక్క రాసినాయనకి మన ఇల్లు తెలియదు, మన తాత తెలియదు. తాతని నువ్వు మనసులో ఉంచుకో, కాగితం మీద వెయ్యకు. కింద రెండు లెక్కలు ఇస్తున్నాను, చేసి పంపు. ఒక చర్చికి ఆదివారం 678 మంది, క్రిస్మస్‌కి 1,345 మంది వచ్చారు. రెండు రోజులూ కలిపి ఎంతమంది? ఒక బడిలో 1,209 మంది ఆడపిల్లలు, 876 మంది మగపిల్లలు. మొత్తం ఎంతమంది?

అన్నయ్యా, ఇక అసలు సంగతి. జూన్‌లో రావడం కుదరదు. ఇంకో పంతులు బదిలీ మీద వెళ్ళిపోయాడు, కొత్తాయన వచ్చేదాకా బడి నా ఒక్కదాని మీదే ఉంది. సెలవుల్లో కూడా పిల్లల పేర్లు రాసుకోవాలి. ఆగస్టులో తప్పకుండా అడుగుతాను. నాన్నకి నువ్వే సర్ది చెప్పు.

లుదియా

•

రాంతెపావో దగ్గర
2 జూలై 1997

లుదియాకి,

నీ రెండు లెక్కలూ తాండి చేశాడు. చర్చికి 2,024 మంది, బడికి 2,086 మంది. అంటే నీకు తెలిసిపోయే ఉంటుంది.

పరీక్షలోనూ అంతే. కాఫీ, ఇటుకలు, గేదెలు అన్నీ సరిగ్గా చేశాడు. మనుషుల లెక్కలు మాత్రం అన్నీ పోయాయి. హమ్జా మాస్టారు పై అధికారుల్ని బతిమాలి సెప్టెంబరులో ఇంకోసారి పరీక్ష పెట్టిస్తున్నారు. అందులో పోతే ఇక ఇదే తరగతి. నేను కూడా గట్టిగానే చెప్పి చూశాను. "పరీక్షలో ఒక్కసారికి తాతని వదిలెయ్యరా" అన్నాను. వాడు నావైపు ఎలా చూశాడనుకున్నావ్! "మామయ్యా, నేను లెక్కలు చదివితే తాత వింటాడు. నిన్ను వదిలేశాను తాతా అని మళ్ళీ ఇంటికొచ్చి ఎలా చెప్పను?" అన్నాడు. నేను వెళ్ళి గేదెని కడిగాను.

ఇప్పుడు పెద్దవాళ్ళ మాట. ఎగువ ఇంటి బాబాయిలు వచ్చి కూర్చున్నారు. ఆగస్టులో అనుకున్న కార్యం నీ కోసం డిసెంబరుకి మార్చాం. ఆ తర్వాత ఇక ఆగరు. పెద్దబాబాయి ఏమన్నాడంటే, "లుదియాకి రావాలని లేదేమోరా. చదువుకున్న పిల్ల, ఊరు మారింది, మనసూ మారిందేమో" అన్నాడు. నేను కాదన్నాను. కానీ నువ్వు ఒక్కసారి రాయి, రావాలనే ఉందని. నాన్న పక్కన చదివిస్తాను. బాబాయిలు కూడా వింటారు.

వర్షాలు పత్తా లేవు. పొలం బీటలు వారింది.

సాంపె

•

మహాకం ఎగువ
17 ఆగస్టు 1997

నాన్నకి,

మీ లుదియా నమస్కారాలు. ఇక్కడ నది బాగా తగ్గిపోయింది. పెద్ద పడవలు మా ఊరిదాకా రావట్లేదు. అడవిలో ఎక్కడో తగలబడుతోంది, పొద్దున లేచేసరికి కిటికీ మీద బూడిద పొరలా పడి ఉంటోంది. మీరు ఇక్కడుంటే దగ్గుతూనే ఆ చుట్ట కాల్చేవారు. మీరు కాఫీ తాగండి, విశ్రాంతి తీసుకోండి. డిసెంబరులో వచ్చేస్తాను. తాండీ, తాతని జాగ్రత్తగా చూసుకో, సెప్టెంబరు పరీక్ష బాగా రాయి.

మీ లుదియా

(రెండో కాగితం)

అన్నయ్యకి మాత్రమే.

నాన్న చనిపోయారు, అన్నయ్యా. నవంబరులోనే చనిపోయారు. ఆ సంగతి నీకూ తెలుసు, బాబాయిలకీ తెలుసు, ఒక్క నా కొడుక్కే తెలియనివ్వట్లేదు మీరు. వాడి లెక్కలో ఒకటి ఎక్కువ వస్తోందంటే అది వాడి తప్పు కాదు, మీ అందరిదీ. పిల్లవాడి చదువు పోతుంటే మీకు పట్టదు. నాకు రావాలని లేదన్నాడా పెద్దబాబాయి? కళ్ళు మండుతున్నా తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని పాఠం చెబుతున్నాను నేను. సెలవు అడిగితే కసిరారు. నది ఎండిపోయింది, నడిచి రమ్మంటావా? వాణ్ణి కూర్చోబెట్టి నిజం చెప్పు. నువ్వు చెప్పలేకపోతే పరీక్ష అయ్యాక నేనే వచ్చి చెబుతాను.

కోపంలో రాశాను. ఇది చదివి చింపెయ్.

లు.

•

రాంతెపావో దగ్గర
20 సెప్టెంబరు 1997

లుదియా,

ఉత్తరం అందింది. తాండి మళ్ళీ పరీక్ష రాశాడు. అన్ని లెక్కలూ సరిపోయాయి. మనుషులవి కూడా. నాలుగో తరగతిలో కూర్చున్నాడు. పేపరు పంపుతున్నాను.

డిసెంబరు 27న కార్యం. తెలియజేయడమైనది.

సాంపె

•

మహాకం ఎగువ
19 అక్టోబరు 1997

బంగారు అన్నయ్యా!

పేపరు గుండెలకి అదుముకుని బడంతా తిరిగాను. అన్నీ కరెక్టు! 4,117 మంది అంటే 4,117 మందే, ఒక్కరూ ఎక్కువ లేరు. ఎంత చక్కగా రాశాడో చూశావా, చేతిలో ఉన్న ఒకట్లని పైన చిన్నచిన్నగా, నేను చెప్పినట్టే. చూశావా మరి, కాస్త గట్టిగా చెబితే పిల్లలు వింటారు. నీకూ వదినకీ ముద్దు ఎక్కువ. నేను రాసింది వాడికి మెల్లగా చెప్పి ఉంటావు. ఎలా చెప్పావో గానీ బాగా చెప్పావు. అప్పుడు కటువుగా రాసినందుకు క్షమించు. నీ ఉత్తరం అంత ముక్తసరిగా ఉందంటే నువ్వింకా అలిగే ఉన్నావని అర్థమైంది. వచ్చాక నీ కాళ్ళు పట్టుకుంటాలే.

పొగ ఇంకా తగ్గలేదు. మధ్యాహ్నం దీపం పెట్టుకుంటున్నాం. వాన పడితే నది లేస్తుంది, నది లేస్తే పడవ వస్తుంది. వానకోసం చర్చిలో రోజూ ప్రార్థన. వాడికి మంచి పెన్సిళ్ళ పెట్టె కొన్నాను, చెప్పకు. వాణ్ణి కూడా ఒక ఉత్తరం రాయమను. ఈమధ్య వాడి ఉత్తరాలే లేవు.

ఆనందంతో,
లుదియా

•

రాంతెపావో దగ్గర
11 నవంబరు 1997

లుదియా,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. వచ్చాక చెబుదామనుకున్నాను. నువ్వు అంత సంతోషంగా రాసేసరికి ఉండబట్టలేకపోయాను.

నేను వాడికి ఏమీ చెప్పలేదు. నీ ఆగస్టు ఉత్తరం వచ్చిన రోజు కార్యంలో బలి ఇవ్వాల్సిన గేదెని చూడడానికి పక్క లోయకి వెళ్ళాను. నీ ఉత్తరం వస్తే విప్పేది తాండి, చదివేది తాండి. నీకు ముందే రాశాను. వాడు ఎప్పట్లాగే చాప వేసుకుని నాన్న పక్కన కూర్చున్నాడట. మొదటి కాగితం చదివాడు. రెండోది తీశాడు. "అన్నయ్యకి మాత్రమే" అని కూడా గట్టిగానే చదివాడట. మీ వదిన పొయ్యి దగ్గర్నుంచి "ఆగరా" అని లేచేలోపే కింది వాక్యం చదివేశాడు. ఆ మాట ఆ గదిలో వినబడింది. ఏడాదిగా మేమెవరం పైకి అనని మాట నీ కొడుకు నోటి నుంచి, నీ అక్షరాలతో, నాన్న చెవి పక్కన వినబడింది.

మిగతాది వాడు పైకి చదవలేదు. కాగితం మడిచి మీ వదిన దగ్గరికి వచ్చాడు.

"అత్తా, అమ్మ టీచరు కదా?"

"అవున్రా నాన్నా."

"పిల్లల తప్పులు దిద్దేది అమ్మే కదా?"

ఆవిడ "అన్నం తిందువు గాని రా" అంది. వాడు తిన్నాడు. ఆ మర్నాటి నుంచి నాన్నకి కాఫీ తీసుకెళ్ళట్లేదు. బడికి వెళ్తూ ఆ గది ముందు ఆగట్లేదు. లెక్కలు వాకిట్లో కూర్చుని చేసుకుంటాడు, నోట్లోనే. సెప్టెంబరు పేపరులో అన్నీ ఎందుకు సరిపోయాయో ఇప్పుడు నీకు తెలిసింది కదా.

నేను నిన్ను తిట్టడానికి రాయట్లేదు. నువ్వు రాసింది అబద్ధమని కూడా అనను. కానీ లుదియా, ఎందుకు మనం ఇన్నాళ్ళు ఆగుతాం? ఒక్కళ్ళమే ఏడవకుండా, అందరం వచ్చాక, వంటలు వండుకుని, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడవడానికి కదా. మాకందరికీ నాన్న డిసెంబరులో పోతారు. అప్పుడు ఇల్లు నిండా జనం ఉంటారు. వాడికి సెప్టెంబరులోనే పోయారు. వాడి పక్కన ఒక్కరూ లేరు. మేమంతా ఆయనకి అన్నం పెడుతూ తిరుగుతుంటే వాడు ఎవరి దగ్గర ఏడుస్తాడు? ఒకరోజు గేదె పక్కన కూర్చుని ఏడుస్తుంటే చూశాను. నన్ను చూసి ముఖం కడుక్కున్నాడు. నాకా క్షణంలో నీ మీద పట్టలేనంత కోపం వచ్చింది, నా మీద కూడా.

సాంపె

•

మహాకం ఎగువ
28 నవంబరు 1997

నాన్నకీ, తాండికీ,

ఈ ఉత్తరం తాతగది లోపల కూర్చుని గట్టిగా చదువు బంగారూ. అమ్మ అడుగుతోంది.

నాన్నా, నేను రాయకూడని మాట రాశాను. కోపంలో రాశాను. మీకు అన్నం పెట్టాల్సిన కూతురు ఆ పని చేసింది. వచ్చి మీ కాళ్ళ దగ్గర కూర్చుంటాను, మీ ఇష్టమొచ్చినంత తిట్టండి.

తాండీ, టీచర్లు కూడా తప్పు రాస్తారు. అమ్మ తప్పు రాసింది. నీ పాత జవాబులే సరైనవి. ఎగువ పేటలో 1,486 మంది, దిగువ పేటలో 2,375 మంది, లోపల గదిలో తాత. మొత్తం 3,862. నేనే దిద్దుతున్నాను, ఎర్రసిరాతో. చర్చికి 2,024 మంది. బడికి 2,086 మంది. అన్నిటికీ మార్కులు వేస్తున్నాను. మళ్ళీ తాతకి కాఫీ తీసుకెళ్ళు. బడికి వెళ్తూ చెప్పి వెళ్ళు.

వాన పడింది. నది లేచింది. సెలవు ఇవ్వకపోయినా వస్తున్నాను, ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ఓడ డిసెంబరు ఇరవై మూడున పారెపారె రేవుకి చేరుతుంది. అక్కణ్ణుంచి రాత్రి బస్సు.

మీ
లుదియా, అమ్మ

•

రాంతెపావో దగ్గర
21 డిసెంబరు 1997

లుదియా,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, పారెపారెలో ఓడ దిగగానే నీకందిస్తాడు. ప్రయాణం బాగా జరిగిందనుకుంటాను. ఏమైనా తిన్నావా? రేవు దగ్గర తినకు, అక్కడ చేపలు పాతవి. మీ వదిన నువ్వులద్దిన బెల్లం అప్పాలు మూటకట్టి ఇదే డ్రైవరుతో పంపింది.

వాకిట్లో పందిళ్ళు వేశారు. బాబాయిలు వెదురు నరుకుతున్నారు. నువ్వు వేళకి వస్తున్నావు. ఇంకా మూడు రోజులు నాన్న గదిలో కూర్చోవచ్చు, చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకోవచ్చు. ఆయన అలాగే ఉన్నారు. పెద్దబాబాయి కూడా "పిల్ల వస్తోందటగా" అని పొంగిపోతున్నాడు. నువ్వు రాసిన ఆ మాట సంగతి ఆయనకి నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నీ ఉత్తరం తాండి చదివాడు. నేను బతిమాలితే గదిలోకి వచ్చి, చాప వేసుకోకుండా నిలబడే గట్టిగా చదివాడు, నువ్వడిగావని. తర్వాత వాకిట్లోకి వెళ్ళి ఇంకోసారి తనలో తను చదువుకున్నాడు. నీ ఎర్రసిరా లెక్కలు మట్టిలో పుల్లతో వేసి కూడి చూసుకున్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. ఈసారి వాణ్ణి ఒక్కణ్ణే వదలకూడదనుకున్నాను.

"చూశావా, అమ్మే తప్పు ఒప్పుకుంది. తాతకి కాఫీ తీసుకెళ్దామా?" అన్నాను.

వాడు మట్టిని అరచేత్తో తుడిచేశాడు. "లేదు మామయ్యా. నేను బాధపడుతున్నానని అమ్మ మార్చి రాసింది. ముందు రాసిందే కరెక్టు" అన్నాడు. అని, నా భుజం తట్టాడు లుదియా. పెద్దవాడిలా నన్నే ఓదార్చాడు. "మీరు డిసెంబరుదాకా ఆగండి, పర్లేదు. నేను ఎవరికీ చెప్పను" అన్నాడు.

అందుకే ఈ ఉత్తరం. మనవాళ్ళందరిలాగే నువ్వూ గుమ్మంలోకి రాగానే "నాన్నకి ఎలా ఉంది?" అని అడుగుతావు. అడగాలి కూడా, పద్ధతి. కానీ నిన్ను చూడగానే ముందు పరిగెత్తుకొచ్చేది తాండీయే. వాణ్ణి మాత్రం అడగకు. నీకు వాడు అబద్ధం చెప్పలేడు.

సాంపె